నీళ్ళ కోసం కాని బోర్లు

మా ప్రాంతంలో బోరు అంటే నీళ్ళు. ఇంకో అర్థం లేదు. బోరు బండి ఊళ్ళోకి వచ్చిందంటే ఏదో ఒక ఇంట్లో ఆడమనిషి మెడలోని బంగారం తాకట్టుకి పోయిందని లెక్క. వజ్రకరూరులో నా చిన్నతనమంతా ఈ దృశ్యం చూస్తూనే గడిచింది. బండి చుట్టూ మగవాళ్ళు నిలబడతారు. ఆడవాళ్ళు ఎడంగా, చెట్టు కిందనో గట్టు మీదనో కూర్చుంటారు. తెల్లటి రాతి దుమ్ము లేస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడరు. తడి మన్ను పైకొస్తే అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకుంటారు. రాకపోతే బండి వాడికి డబ్బులిచ్చి పంపేసి, ఆ రాత్రి ఎవరూ సరిగా అన్నం తినరు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో రెండోదని పేరు పడిన అనంతపురంలో బోరు ఎండిపోవడమంటే ఒక్కోసారి మనిషి ఎండిపోవడమే.

అందుకే 2024 నవంబరు మొదట్లో పత్తికొండ వైపు ఇచ్చిన మా చిన్నమ్మ ఫోన్ చేసి అడిగిన ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "ఏమే పాపా, కప్పట్రాళ్ళ అడవిలో అరవై ఎనిమిది బోర్లు ఏస్తారంట. నీళ్ళకి కాదంట. మరి యాంటికే?"

కప్పట్రాళ్ళ కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఉంది. ఒకప్పుడు ఫ్యాక్షన్ హత్యలతో పత్రికల్లో నలిగిన పేరు. ఆ ఊరి పక్కనున్న రిజర్వు అడవిలో 468 హెక్టార్ల మేర యురేనియం కోసం 68 బోర్లు వేసి చూడాలని కేంద్ర అణు ఇంధన శాఖ కింద పనిచేసే అణు ఖనిజాల డైరెక్టరేట్ తలపెట్టింది. ఈ సంగతి చుట్టుపక్కల ఊళ్ళకి తెలిసింది ముందుగా ఎవరో వచ్చి చెబితే కాదు. తెలిశాక జనం కర్నూలు-బళ్ళారి రోడ్డు మీదికొచ్చి కూర్చున్నారు. కొద్ది రోజుల్లోనే రాష్ట్ర ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

మా చిన్నమ్మ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. నేను సాహిత్య విద్యార్థిని. అణుశాస్త్రం నాది కాదు. కానీ అణు విద్యుత్తు చరిత్ర చదవడం మొదలుపెట్టాక ఒకటి గమనించాను. ఆ చరిత్రలో రియాక్టర్లున్నాయి, మెగావాట్లున్నాయి, ఒప్పందాల మీద సంతకాలు పెట్టిన మగవాళ్ళ ఫోటోలున్నాయి. "ఎవరిని అడిగారు?" అన్న ప్రశ్న మాత్రం చాలా అరుదుగా కనిపిస్తుంది. ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న గురించే.

నేల అడుగున ఉన్నదాని కోసం కొత్తవాళ్ళు రావడం మా ఊరికి కొత్త కాదు. ఊరి పేరులోనే వజ్రముంది. వజ్రకరూరు, లత్తవరం చుట్టుపక్కల వజ్రాలను మోసుకొచ్చే కింబర్లైట్ శిలల్ని భూగర్భ శాస్త్రజ్ఞులు గుర్తించి, దశాబ్దాలుగా అధ్యయనం చేస్తున్నారు. తొలకరి వానలు పడగానే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చేలల్లో వంగి వెతుకుతారు. మా అవ్వ కూడా వెతికేది. ఆమెకెప్పుడూ వజ్రం దొరకలేదు. దొరికినవాళ్ళకి కూడా దాని అసలు ధర ఎంతో తెలిసేది కాదు. కొనేవాడు చెప్పిందే ధర. నేలలో ఏముందో తెలిసినవాడు ఒకడు, ఆ నేల మీద నడుం వంచేది ఇంకొకరు అన్న పాఠం నేను అక్కడే నేర్చుకున్నాను.

మా అవ్వ పేరు రేషను కార్డులో ఉండేది. ఓటర్ల జాబితాలో ఉండేది. పట్టాదారు పాసుపుస్తకంలో లేదు. ఆరు ఎకరాల్లో నలభై ఏళ్ళు వేరుశెనగ కలుపు తీసినా లేదు. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

యురేనియం తవ్వకం మనకి దూరపు సంగతి కాదు. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె మీద 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007లో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి. రోజుకి 3,000 టన్నుల రాయిని ఆడించగల కర్మాగారం అది. అక్కడి ఖనిజం చాలా పలచన. టన్ను రాయికి అర కిలో యురేనియం కూడా రాదు. రాయిని పిండి చేసి, క్షార ద్రావణంలో, వేడిలో, ఒత్తిడిలో నానబెట్టి యురేనియాన్ని విడదీస్తారు. వచ్చిన పసుపుపచ్చని పొడి హైదరాబాదులో 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు లాంటి చోట ఇంధనంగా మారి రియాక్టర్లకి వెళ్తుంది. వెలుగు ఎక్కడో వెలుగుతుంది. మిగిలిన బురద, అంటే తవ్విన రాయిలో దాదాపు మొత్తం, ఇక్కడే ఉంటుంది.

ఆ బురదలో ఏముంటుందో తెలియడానికి ఒక స్త్రీ చరిత్రే చాలు. 1898లో మేరీ క్యూరీ రేడియాన్ని వెతికింది యురేనియంలో కాదు, యురేనియం తీసేశాక పారేసిన తుక్కులో. బొహీమియాలోని యోకిమ్‌స్టాల్ గనిలో గాజుకి రంగు వేయడానికి యురేనియం తీసుకుని, మిగిలినదాన్ని పారబోసేవారు. అప్పటి ఆస్ట్రియా ప్రభుత్వం ద్వారా ఆ తుక్కుని తెప్పించుకుని, పారిస్‌లో వాన కారే ఒక షెడ్డులో టన్నులకొద్దీ ఉడకబెట్టి ఆమె రేడియాన్ని వేరుచేసింది. అంటే అసలు శక్తి తుక్కులోనే మిగిలి ఉందని నూరేళ్ళ కిందటే రుజువైంది. యురేనియం తీసేశాక కూడా ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ వ్యర్థంలోనే ఉంటుంది. రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. ఆమెకి ఆ తుక్కు రెండు నోబెల్ బహుమతుల దారి చూపింది. ఆమె ప్రాణాన్ని తీసిన జబ్బుకీ కారణం ఆ కిరణాలేనని భావిస్తారు.

ఆ తుక్కుని నిలవ చేసే చోటుకి తుమ్మలపల్లెలో వాడే మాట 'టెయిలింగ్ పాండ్'. పాండ్ అంటే చెరువు. రాయలసీమలో చెరువు అన్న మాటకి ఎంత బరువుందో మీకు చెప్పనక్కర్లేదు. చెరువు నిండితే ఊరంతా గంగమ్మకి పసుపు కుంకుమలతో వెళ్ళే నేల ఇది. విషపు బురద నిలవకి ఆ పేరు పెట్టడం, యురేనియం పొడిని 'ఎల్లో కేక్' అనడం నాకు వట్టి సాంకేతిక పదాల్లా అనిపించవు. అమెరికన్ పరిశోధకురాలు కారల్ కోన్ 1987లో 'సైన్స్' అనే స్త్రీవాద పత్రికలో (ఆ మాటకి ఇక్కడ సంకేతాలని అర్థం, విజ్ఞానమని కాదు) అణ్వస్త్ర నిపుణుల భాష మీద ఒక వ్యాసం రాసింది. ఆ మగ నిపుణులు భయంకరమైన విషయాలకి ఇంటి మాటలు, ముద్దు మాటలు ఎలా తొడుగుతారో చూపించింది. అంతకన్నా ముఖ్యంగా, వాళ్ళ భాష తాను నేర్చుకున్నకొద్దీ తన ప్రశ్నల్ని ఆ భాషలో అడగడం సాధ్యం కాకుండా పోయిందని ఒప్పుకుంది. నివేదికలు చదువుతూ నేనూ అదే గమనించాను. 'అనుమతించదగిన పరిమితి' అని రాసి ఉన్నచోట "ఎవరు అనుమతించారు?" అని అడగడం మర్చిపోయాను.

తుమ్మలపల్లె చుట్టుపక్కల ఊళ్ళలో బోరు నీళ్ళు చెడిపోయాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని, చర్మ రోగాలు వస్తున్నాయని జనం ఫిర్యాదు చేశారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి యురేనియం కార్పొరేషన్‌కి నోటీసు ఇచ్చింది. తమ వల్ల కలుషితం కాలేదన్నది సంస్థ వాదన. ఇందులో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. నేను చూసేది ఇంకోటి. పంట పోతే నష్టపరిహారం అడగడానికి కాగితం ఉంటుంది, పట్టా ఉన్నవాడికి. భూమి పోతే ఉద్యోగం అడగడానికి కూడా పట్టాయే ఆధారం. ఇంట్లోకి తెచ్చే బిందెడు నీళ్ళు చెడిపోతే ఏ కాగితం చూపించాలి? ఆ నీళ్ళతో వండేది, అంట్లు తోమేది, పిల్లల ఒంటి మీద పొక్కుల్ని మొదట చూసేది ఆడవాళ్ళు. వాళ్ళకి తెలిసినంతగా ఆ నీళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. కానీ ఆ తెలివిడికి రికార్డులో గడి లేదు.

వద్దని చెప్పిన చరిత్ర కూడా తెలుగు నేలకి ఉంది. 1980ల్లో నాగార్జునసాగర్ దగ్గర అణు విద్యుత్ కేంద్రం పెట్టాలన్న ప్రతిపాదన జనం వ్యతిరేకతతో ఆగిపోయింది. నల్లగొండ జిల్లా లంబాపూర్-పెద్దగట్టులో యురేనియం గని మీద 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో గట్టి వ్యతిరేకత వచ్చింది. ఆ గని తెరుచుకోలేదు. 2019లో నల్లమల కోసం చెంచుల దగ్గర్నుంచి నగరాల్లోని విద్యార్థుల దాకా కదిలారు. ఆ సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో మాత్రం అమెరికా వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన అలాగే ఉంది. మత్స్యకారుల ఊళ్ళు ఏళ్ళ తరబడి దాని నీడలో బతుకుతున్నాయి. ప్రతిచోటా కథ ఒకటే. ముందు నిర్ణయం, తర్వాత సమాచారం, ఆ తర్వాత రోడ్డు మీద బైఠాయింపు.

ఈ వరస తిరగబడిన చోటు ఎక్కడైనా ఉందా అని వెతుకుతుంటే యూరప్‌లో ఒక చిన్న దేశం కనిపించింది. మేరీ క్యూరీకి ఆ తుక్కుని పంపిన ఆస్ట్రియా.

అణు చరిత్రలో ఆస్ట్రియాకి ఇంకో స్త్రీ కూడా ఉంది. 1878లో వియన్నాలో పుట్టిన లీజ మైట్నర్. ఆడపిల్లలకి విశ్వవిద్యాలయం తలుపులు 1897 దాకా తెరవని ఊళ్ళో చదువుకోవడానికి కాచుకుని కూర్చుని, 1906లో భౌతికశాస్త్రంలో డాక్టరేటు తీసుకుంది. బెర్లిన్‌లో ఆడవాళ్ళకి ప్రవేశం లేని సంస్థలో నేలమాళిగలోని వడ్రంగి గదిలో పని చేసింది. యూదు మూలాల వల్ల 1938లో జర్మనీ నుంచి పారిపోవాల్సి వచ్చింది. ఆ శీతకాలంలో స్వీడన్‌లో, మంచులో నడుస్తూ, అక్క కొడుకు ఓటో ఫ్రిష్‌తో కలిసి యురేనియం పరమాణువు రెండుగా చీలుతోందని లెక్క కట్టింది. నోబెల్ మాత్రం ఆమె సహచర శాస్త్రజ్ఞుడు ఓటో హాన్‌ ఒక్కడికే వచ్చింది. బాంబు తయారీలో చేరమని పిలిస్తే ఆమె వెళ్ళలేదు. అణు యుగపు మొదటి 'వద్దు'ల్లో ఒకటి ఆమెది.

ఆమె 'వద్దు' అన్న నలభై ఏళ్ళలోపే ఆమె పుట్టిన దేశం కూడా అదే మాట అనాల్సి వచ్చింది. వియన్నాకి ఎగువన, డాన్యూబ్ ఒడ్డున జ్వెంటెన్‌డార్ఫ్ అనే ఊళ్ళో 1972లో అణు విద్యుత్ కేంద్రం కట్టడం మొదలైంది. సామర్థ్యం సుమారు 700 మెగావాట్లు. కట్టడం పూర్తయింది, ఇంధనం వచ్చింది, మీట నొక్కడమే మిగిలింది. వ్యతిరేకత పెరుగుతుంటే ప్రధాని బ్రూనో క్రైస్కీ జనాభిప్రాయ సేకరణ పెట్టాడు. తాను గెలుస్తాననే నమ్మకంతోనే పెట్టాడు. వ్యతిరేక ఉద్యమంలో ముందున్నవాళ్ళలో ఫ్రెడా మైస్నర్-బ్లౌ ఒకరు. తర్వాత, 1986లో, ఆమె దేశాధ్యక్ష పదవికి పోటీ చేసి, పార్లమెంటులో గ్రీన్స్ పార్టీకి నాయకురాలయింది.

1978 నవంబరు 5న ఓట్లు లెక్కపెట్టారు. వద్దన్నవాళ్ళు 50.47 శాతం. కావాలన్నవాళ్ళు 49.53 శాతం. తేడా ముప్పై వేల ఓట్ల లోపే. కట్టేసిన కేంద్రం ఒక్కరోజు కూడా నడవలేదు. ఆ డిసెంబరులోనే అణు విద్యుత్తుని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1999లో అది రాజ్యాంగంలోకి ఎక్కింది. త్రీ మైల్ ఐలండ్ ప్రమాదం ఇంకా జరగలేదు, అది 1979 మార్చి. చెర్నోబిల్‌కి ఇంకా ఏడేళ్ళకి పైగా టైముంది. అంటే వాళ్ళు ప్రమాదం చూసి భయపడి వేసిన ఓట్లు కావవి.

దీన్ని వీరగాథగా చెప్పడం నాకిష్టం లేదు. వద్దన్నవాళ్ళందరూ అణుశక్తిని వ్యతిరేకించినవాళ్ళు కారు. కొందరు క్రైస్కీని దించాలని వేశారు. ఆ కేంద్రం బదులు దగ్గర్లోనే డ్యూర్న్‌రోర్ దగ్గర బొగ్గు కేంద్రం కట్టారు. అది 2019 దాకా బొగ్గు కాల్చింది. చుట్టూ ఉన్న చెక్, స్లొవేకియా, స్లొవేనియా దేశాల్లో రియాక్టర్లు నడుస్తూనే ఉన్నాయి, ఆస్ట్రియా కరెంటు కొనుక్కుంటూనే ఉంది. ఒకచోట వద్దంటే ఇంకోచోట ఎవరో మోయాల్సి వస్తుందన్నది నిజం. నేను ఈ వ్యాసం రాస్తున్న దీపం కూడా ఎవరి ఊరి బూడిదతోనో వెలుగుతోంది. రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి చీకట్లో చేనికి పోయిన ఇంట్లోంచి వచ్చినదాన్ని నేను. కరెంటు వద్దని చెప్పే తాహతు మాకు లేదు.

అయినా ఆ ఓటు నన్ను వదలదు. ఎందుకంటే ఆ రోజు అడిగింది మనిషిని, పట్టాని కాదు. ఆస్ట్రియాలో స్త్రీలకి 1918 నుంచే ఓటుంది. పొలం ఎవరి పేరున ఉందో, గనిలో ఎవరు పనిచేస్తారో, ఎవరికి భౌతికశాస్త్రం తెలుసో ఎవరూ అడగలేదు. వంటింట్లోంచి వచ్చిన ఆమె ఓటూ, కేంద్రం కట్టిన ఇంజనీరు ఓటూ ఒకటే. ముప్పై వేల తేడాలో ఆ ఇద్దరిలో ఎవరి ఓటు నిర్ణయించిందో ఎవరూ చెప్పలేరు.

మన దగ్గర దీనికి దరిదాపుల్లో ఉన్నది ఒక్కటే, ప్రజాభిప్రాయ సేకరణ. 1997 నుంచి పెద్ద ప్రాజెక్టులకి ఇది తప్పనిసరి అయింది. దాని లోపాలు మనందరికీ తెలుసు. షామియానా కింద ముందు వరసలు ఎవరివో, మైకు ఎవరి చేతిలో ఉంటుందో, నివేదిక ఏ భాషలో ఉంటుందో తెలుసు. ఇంత లోపభూయిష్టమైనా అందులో ఒక గుణముంది. అక్కడ మాట్లాడడానికి పాసుపుస్తకం అక్కర్లేదు. కూలికి పోయే ఆమె, మేకలు కాసే ఆమె, మా అవ్వ లాంటిది ఎవరైనా లేచి నిలబడి "మా బాయి నీళ్ళు ఏమైతాయి?" అని అడగొచ్చు. ఆ ప్రశ్న మినిట్సులోకి ఎక్కాలి. ఆడదాని నీళ్ళ బాధ ప్రభుత్వ కాగితం మీదికి వెళ్ళే బహు కొద్ది దారుల్లో అదొకటి.

2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమో జారీ చేసింది. దేశ రక్షణ, వ్యూహాత్మక అవసరాల పేరుతో అణు ఖనిజాల తవ్వకాలని, మరికొన్ని కీలక ఖనిజాల తవ్వకాలని ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. అంటే రేపు కప్పట్రాళ్ళలోనో మరోచోటో గని తెరవాలనుకుంటే షామియానా కూడా వేయక్కర్లేదు. ఈ వార్త మన స్త్రీల పత్రికల్లో, సదస్సుల్లో పెద్దగా చర్చకి వచ్చినట్టు నేను చూడలేదు. ఖనిజం అనగానే అది మన విషయం కాదనుకుంటాం. ఆస్తి హక్కు గురించి ఎన్నో ఏళ్ళుగా మాట్లాడుతున్నాం, మాట్లాడాలి కూడా. కానీ ఆస్తి లేని ఆడదానికి మాట్లాడే హక్కు ఒకటి ఉండేదని, అది ఒక మెమోతో పోయిందని కూడా మనమే చెప్పాలి. పట్టా లేకపోయినా ప్రశ్న అడిగే చోటు పోవడమంటే మా అవ్వ ఇంకొకసారి రికార్డులోంచి పోవడమే.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చిన్నమ్మ వచ్చింది. జవాబు బాకీ ఉన్నానని గుర్తుచేసింది. యురేనియం గురించి, కరెంటు గురించి, తుమ్మలపల్లె గురించి, ఎక్కడో ఒక దేశంలో కట్టిన కేంద్రాన్ని ఓటేసి ఆపిన సంగతి గురించి నాకు తెలిసినంత చెప్పాను. ఆమె చాలాసేపు విని, చివరికి ఒక్కటే అడిగింది.

"ఆ ఊర్లో ఆడోళ్ళని గూడా అడిగినారా?"

అడిగారని చెప్పాను.

"మనల్ని ఎప్పుడు అడుగుతారంట?" అంది.